ఏడుగురు ఫార్వర్డ్‌లు, ఒక్క బ్యాక్: ఎరాస్మస్ బెంచ్ వెనుక లెక్క

సంపాదకులకు నమస్కారం.

దక్షిణాఫ్రికా రగ్బీ కోచ్ రాసీ ఎరాస్మస్ మీద మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో రగ్బీకి అరపేజీ దక్కడమే అరుదు, అందుకు సంతోషం. కానీ అందులో రెండు పొరపాట్లు దొర్లాయి. వాటికన్నా పెద్ద విషయం ఒకటి పూర్తిగా తప్పుదారి పట్టింది.

ముందు పొరపాట్లు. ఎరాస్మస్‌ను "దీర్ఘకాలం జట్టును నడిపిన కెప్టెన్" అని రాశారు. ఆయన 1997 నుంచి 2001 దాకా 36 టెస్టులు ఆడాడు, కెప్టెన్సీ చేసింది మాత్రం ఒకే ఒక్క టెస్టులో, 1999లో. ఆ ఏడాది ప్రపంచకప్‌లో జట్టు కెప్టెన్ యూస్ట్ వాన్ డెర్ వెస్ట్‌హైజన్. రెండోది, 2019లోనూ 2023లోనూ ఎరాస్మస్ హెడ్ కోచ్‌గా ప్రపంచకప్ గెలిచాడని రాశారు. 2019 వరకు నిజమే. 2023లో హెడ్ కోచ్ జాక్ నీనాబర్, ఎరాస్మస్ రగ్బీ డైరెక్టర్. నీనాబర్ ఐర్లండ్‌లోని లెన్‌స్టర్‌కు వెళ్లిపోయాక, 2024లో ఎరాస్మస్ మళ్లీ హెడ్ కోచ్ కుర్చీలో కూర్చున్నాడు.

ఇక అసలు సంగతి. బెంచ్ మీద ఆరుగురో ఏడుగురో ఫార్వర్డ్‌లను (తోపులాటలకు దిగే బరువైన ఆటగాళ్లు) కూర్చోబెట్టడాన్ని మీ వ్యాసం "ప్రత్యర్థిని బోల్తా కొట్టించే చిట్కా" అంది, క్రికెట్‌లోని ఇంపాక్ట్ ప్లేయర్‌తో పోల్చింది. ఇంపాక్ట్ ప్లేయర్ అంటే ఎవరికో బదులు ఒకడిని దించడం, అంతవరకే. ఇక్కడ బెంచ్ మీద ఒక ఫార్వర్డ్‌ను పెంచారంటే ఒక బ్యాక్‌ను (బంతితో పరుగెత్తే వేగమైన ఆటగాడు) వదులుకున్నట్టే. ఆ మూల్యం ఎవరు, ఎలా కడుతున్నారన్నది వదిలేసి ఎరాస్మస్ కోచింగ్ గురించి మాట్లాడితే సగమే చెప్పినట్టు.

మ్యాచ్ జట్టులో 23 మంది. 1 నుంచి 8 నంబర్ల వారు ఫార్వర్డ్‌లు, 9 నుంచి 15 దాకా బ్యాక్‌లు. 16 నుంచి 23 వరకు ఎనిమిది మంది బెంచ్. ఈ ఎనిమిదిలో కోచ్ చేతిలో ఉండేవి నిజానికి ఐదు కుర్చీలే. మిగతా మూడు నిబంధనలే నింపేస్తాయి. స్క్రమ్ అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు ఇరికించుకుని బంతి కోసం తోసుకోవడం. దాని ముందు వరుసలో ఎడమ ప్రాప్, హుకర్, కుడి ప్రాప్ అని మూడు స్థానాలుంటాయి. మెడ మీద, వెన్ను మీద పడే బరువు మామూలుది కాదు కనుక ఆ స్థానంలో శిక్షణ లేనివాణ్ని అక్కడ నిలబెట్టనివ్వరు. ఒక్కో స్థానానికి ఒక్కో ప్రత్యామ్నాయం తప్పనిసరి. సాధారణంగా 16 హుకర్, 17 ఎడమ ప్రాప్, 18 కుడి ప్రాప్. మిగిలిన ఐదింటిలో మామూలుగా చేసేది ఇద్దరు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు. అదే 5-3. ఎరాస్మస్ ఒక బ్యాక్‌ను తీసి 6-2 చేశాడు. తర్వాత ఇంకొకరిని తీస్తే 7-1 అయింది.

ఒకసారి బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రావడానికి దారులు చాలా తక్కువ. రక్తం కారితే 15 నిమిషాల తాత్కాలిక మార్పు, తలకు దెబ్బ తగిలితే 12 నిమిషాల పరీక్ష, ముందు వరుస ఆటగాడు గాయపడటం, ప్రత్యర్థి తప్పిదం వల్ల దెబ్బ తగలడం, దాదాపు ఇంతే. కాబట్టి 45వ నిమిషంలో ఐదుగురిని మార్చిన కోచ్ చేతిలో మిగతా 35 నిమిషాలకు ముగ్గురే మిగులుతారు. అందుకే మార్పుల వేళ ముందే కుదురుతుంది, గాయాలు మాత్రమే దాన్ని తారుమారు చేస్తాయి.

ఫార్వర్డ్‌ల మీదే ఎందుకంత పెట్టుబడి? స్క్రమ్‌ను దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. అంతర్జాతీయ స్థాయిలో ఒక్కో వైపు దాదాపు 900 కిలోలు. రిఫరీ "క్రౌచ్, బైండ్, సెట్" అనగానే తలలు ఇరుక్కుంటాయి. కుడి ప్రాప్ తల ఇద్దరు ప్రత్యర్థుల మధ్య ఉంటుంది. ఎదుటి ఎడమ ప్రాప్, హుకర్ ఇద్దరి ఒత్తిడీ ఇతనొక్కడే మోయాలి. తాజాగా ఉన్నంతసేపు వెన్ను బల్లపరుపుగా, తుంటి భుజాల ఎత్తులో ఉంటుంది. అలసిపోయాక రెండిట్లో ఒకటి జరుగుతుంది. తుంటి లేస్తే నడుము మడతపడి కిందికి కూలుతాడు. లేదంటే పట్టుకున్న చేయి జారి మోచెయ్యి నేలను చూస్తుంది. రెండూ పెనాల్టీయే. ఆ పెనాల్టీతో గోల్ కొడితే 3 పాయింట్లు. లేదా బంతిని మూలకు తన్ని, 5 మీటర్ల దగ్గర లైనౌట్ (పక్క గీత నుంచి బంతి విసిరి ఆట మొదలుపెట్టడం) తీసుకుని, మాల్ కట్టి, అంటే బంతి పట్టుకున్నవాడి చుట్టూ గుంపుగా చేరి తోసి, గీత దాటించి బంతిని నేలకు ఆనిస్తే ట్రైకి 5, ఆ తర్వాత కొట్టే గోల్ కిక్ కన్వర్షన్‌కు 2. బ్యాక్‌లు ఎంత అందంగా పరుగెత్తినా ఈ లెక్కను మించడం కష్టం.

2019 నవంబర్ 2న యోకోహామాలో జరిగిన ఫైనల్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. ఇంగ్లండ్ కుడి ప్రాప్ కైల్ సింక్లర్ మూడో నిమిషంలోనే తలకు దెబ్బ తగిలి వెళ్లిపోయాడు. బెంచ్ మీదున్న డాన్ కోల్ ఇక చివరిదాకా ఆడాల్సి వచ్చింది, అతని వెనక కుడి ప్రాప్ ఇంకెవరూ లేరు. కోల్‌కు ఎదురుగా ముందు టెండాయ్ ఎంటవరీరా తోశాడు. రెండో సగం మొదలైన కొద్ది నిమిషాలకే ప్రాప్‌లు స్టీవెన్ కిట్‌షాఫ్, విన్సెంట్ కోఖ్ తాజాగా దిగారు. అలసినవాడికి అలసిపోని ప్రత్యర్థి దొరికాడు. దక్షిణాఫ్రికాకూ దెబ్బలు తగిలాయి. తొలి సగంలోనే హుకర్ బొంగి ఎంబొనాంబి, లాక్ (స్క్రమ్ రెండో వరుస ఆటగాడు) లూడ్ డి యాగర్ బయటికి వెళ్లారు. కానీ బెంచ్ మీద మాల్కం మార్క్స్, ఫ్రాంకో మోస్టర్ట్ ఉన్నారు. మొదటి పదిహేనులో ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోని పేర్లవి. హాండ్రే పొలార్డ్ 22 పాయింట్లు, మాపింపి, కోల్బే ట్రైలు, 32-12. హైలైట్స్‌లో కనిపించేవి ఆ రెండు ట్రైలే. అప్పటికి స్క్రమ్‌లో పెనాల్టీలు గుంజి గుంజి ఇంగ్లండ్‌ను సగం ఓడించేశారు.

ఈ బెంచ్ దళానికి "బాంబ్ స్క్వాడ్" అన్న పేరు ఎంతగా అంటుకుందంటే, అదే టోర్నీలో ఇటలీ మ్యాచ్ తర్వాత పెద్ద దుమారమే రేగింది. ఆరుగురు ఆటగాళ్లు గుండ్రంగా చేరి, దగ్గరికొచ్చిన మాపింపిని దూరం పెట్టినట్టు కనిపించే వీడియో చూసి జాతివివక్ష అన్నారు. అది బెంచ్ ఫార్వర్డ్‌ల గుంపు అని, తాను ఆ దళంలో లేనని మాపింపి స్వయంగా చెప్పాల్సి వచ్చింది. మొదటి పదిహేనులో ఉన్న స్టార్ వింగ్‌కు (అంచున పరుగెత్తే బ్యాక్) కూడా చోటులేని గుంపు అది! బెంచ్ మీద కూర్చోవడం చిన్నతనం కాదని ఆటగాళ్ల చేత నమ్మించడం ఎరాస్మస్ సాధించిన వాటిలో అన్నిటికన్నా కష్టమైనది. 50 నిమిషాలు ఆడి వెళ్లేవాడూ 30 నిమిషాలు ఆడటానికి వచ్చేవాడూ సమానమే అనుకోకపోతే ఈ పద్ధతి వారం రోజులు కూడా నిలవదు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆయన కెరీర్‌లోనే ఉంది. ఎరాస్మస్ ఫ్లాంకర్, కొన్నిసార్లు నంబర్ ఎయిట్. అంటే స్క్రమ్‌లో తోయాలి, బంతి బయటికి రాగానే బ్యాక్‌లతో సమానంగా పరుగెత్తాలి, ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) జరిగిన చోటికి అందరికన్నా ముందు చేరాలి. రెండు లోకాలూ తెలిసిన స్థానం అది. 1997 జులైలో ఎల్లిస్ పార్క్‌లో బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి జట్టు బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌పై తన తొలి టెస్టు ఆడాడు, 35-16తో గెలిచారు. ఆ ఏడాదే మొదలైన 17 వరస విజయాల జట్టులో సభ్యుడు. ఆడే రోజుల్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని మ్యాచ్ వీడియోలు ముక్కలు చేసి చూసే అలవాటుండేది. కోచ్‌గా మారాక 2005లో ఫ్రీ స్టేట్ చీటాస్‌కు దేశవాళీ టోర్నీ కరీ కప్ తెచ్చిపెట్టాడు. ప్రిటోరియాలో బ్లూ బుల్స్‌పై 29-25, ఆ జట్టుకు 1976 తర్వాత మొదటి కప్. స్టేడియం పైకప్పు మీద కూర్చుని రంగు లైట్లతో ఆటగాళ్లకు సైగలు చేసింది కూడా ఆ రోజుల్లోనే. అప్పుడు నవ్వినవాళ్లు 2023 ప్రపంచకప్‌లో కోచ్‌ల బాక్స్ నుంచి మళ్లీ లైట్లు వెలిగేసరికి నవ్వలేదు.

నీనాబర్ ముందు ఫిజియోథెరపిస్టు, తర్వాతే డిఫెన్స్ కోచ్ అయ్యాడు. కండరం ఎప్పుడు నీరసిస్తుందో, ఎంతసేపు ఆడితే గాయం ముప్పు పెరుగుతుందో చదువుకున్న మనిషి పక్కన ఉండటం వల్లే మార్పుల వేళ అంచనాల మీద కాక శరీరం మీద ఆధారపడిందని నా అభిప్రాయం. మీ వ్యాసంలో నీనాబర్‌కు దక్కింది ఒక్క వాక్యం.

అన్నీ గెలుపులే అన్నట్టు కూడా రాయకండి. 2016లో ఇద్దరూ ఐర్లండ్‌లోని మన్‌స్టర్ జట్టుకు వెళ్లారు. అక్టోబర్‌లో హెడ్ కోచ్ ఆంథొనీ ఫోలీ హఠాత్తుగా చనిపోయాడు, ఆ దుఃఖంలోనే సీజన్ నడిపించాల్సి వచ్చింది. ఎరాస్మస్ ఆ జట్టును ప్రో12 లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్లి స్కార్లెట్స్ చేతిలో 46-22తో ఓడాడు. 2018లో స్ప్రింగ్‌బాక్స్ (దక్షిణాఫ్రికా జట్టు) పగ్గాలు పట్టాక మొదటి ఏడాది 14 టెస్టుల్లో 7 గెలుపు, 7 ఓటమి. అయితే ఆ ఏడు ఓటములను విడిగా చూడకూడదు. అంతకు ముందు సంవత్సరం న్యూజిలాండ్ చేతిలో 57-0 తిన్న జట్టు అది. సియా కోలిసిని కెప్టెన్ చేసింది, వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్‌ను 36-34తో ఓడించింది కూడా 2018లోనే.

ఇక 7-1 సంగతి. ఇది ఎవరో బోర్డు మీద గీసి కనిపెట్టింది కాదు. 2023 ఆగస్టులో ట్వికెనమ్‌లో న్యూజిలాండ్‌తో మ్యాచ్‌కు 6-2 బెంచ్ ప్రకటించారు. చివరి క్షణంలో విల్లీ లె రూ ఆడలేడని తేలితే, అతని చోట ఇంకో బ్యాక్‌ను కాక ఫార్వర్డ్ క్వాగా స్మిత్‌ను తీసుకున్నారు. 35-7తో గెలిచారు. స్మిత్ సెవెన్స్ (జట్టుకు ఏడుగురితో ఆడే వేగమైన రగ్బీ) ఆడి వచ్చినవాడు, అవసరమైతే వింగ్‌లో పరుగెత్తగలడు. ఆ ఒక్క లక్షణం లేకపోతే ఆ రోజు అలాంటి మార్పు చేయడం తెగింపు కాదు, నిర్లక్ష్యం అయ్యేది.

అదే 7-1 నెలరోజుల్లోనే ఎదురు తిరిగింది. ప్రపంచకప్ గ్రూప్ దశలో ఐర్లండ్‌తో మ్యాచ్. బెంచ్ మీదున్న ఏకైక బ్యాక్ స్క్రమ్ హాఫ్ (స్క్రమ్ నుంచి బంతి తీసి అందించేవాడు) కోబస్ రీనాక్. మానీ లిబోక్, ఫాఫ్ డి క్లెర్క్ గోల్ కిక్‌లు తప్పుతుంటే పంపడానికి మరో కిక్కర్ లేడు. 11 పాయింట్లు కాళ్ల దగ్గరే జారిపోయాయి, 13-8తో ఓడారు. స్క్రమ్ పెనాల్టీలు సంపాదించే యంత్రాన్ని కట్టుకుని, ఆ పెనాల్టీలను పాయింట్లుగా మార్చే మనిషిని మాత్రం పెట్టుకోలేదు. ఈ పద్ధతికి అన్నిటికన్నా సూటిగా తగిలే దెబ్బ ఇదే.

సెమీస్‌లో ఆ లోటు పూడ్చారు. ఇంగ్లండ్ ముందంజలో ఉండగా లిబోక్‌ను తొలి సగంలోనే తీసి పొలార్డ్‌ను దించారు. చివరి పావుగంటలో బెంచ్ ప్రాప్ ఆక్స్ ఎంచే స్క్రమ్‌లో ఇంగ్లండ్‌ను వెనక్కి నెట్టాడు. బెంచ్ ఫార్వర్డ్ స్నైమన్ ట్రై, ఆ తర్వాత స్క్రమ్ పెనాల్టీ నుంచి పొలార్డ్ దూరపు కిక్, 16-15. లెక్క ప్రకారం చేతిలో ఉండాల్సిన రెండూ, అంటే తాజా ప్రాప్, నమ్మకమైన కిక్కర్, ఈసారి ఉన్నాయి.

కానీ ఆ పొలార్డ్ జట్టులోకి వచ్చింది ఎవరి బదులో తెలుసా? మోకాలి గాయంతో వెళ్లిపోయిన హుకర్ మాల్కం మార్క్స్ బదులు. హుకర్ పోతే ఫ్లై హాఫ్‌ను, అంటే గోల్ కిక్‌లు కొట్టే బ్యాక్‌ను, పిలిపించారు! అసలు హుకర్ ఎంబొనాంబి ఒక్కడే మిగిలాడు. అతనికి దన్నుగా 37 ఏళ్ల డియోన్ ఫూరీ. ఒకప్పుడు హుకర్‌గా ఆడినా, అప్పటికి ఎక్కువగా ఫ్లాంకర్‌గానే ఆడుతున్నాడు. న్యూజిలాండ్‌తో ఫైనల్లో మూడు నిమిషాలు గడిచీ గడవకముందే ఎంబొనాంబి మోకాలు దెబ్బతింది. ఇక మిగతా మ్యాచ్ అంతా ఫూరీయే. లైనౌట్‌లో బంతి విసరాల్సింది హుకరే. ఆ విసురు చేతి ఎత్తు, వేగం, దూకేవాడి సమయంతో సెకనులో వంతు తేడా లేకుండా కుదరాలి. అది నిత్య సాధన లేనిదే రాదు. ఆ రాత్రి దక్షిణాఫ్రికా లైనౌట్ తడబడింది, సొంత విసురులు పోయాయి. రెండో సగంలో ఒక్క పాయింటు రాలేదు. తొలి సగంలో పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీలే 12. న్యూజిలాండ్ కెప్టెన్ సామ్ కేన్‌కు రెడ్ కార్డు పడి ఆ జట్టు 14 మందితో ఆడింది, జోర్డీ బారెట్ చివర్లో దూరపు పెనాల్టీ తప్పాడు, దక్షిణాఫ్రికా ఫ్లాంకర్ డు టోయ్ 28 ట్యాకిల్స్ చేశాడు. ఇవన్నీ కలిస్తే 12-11. హుకర్ బదులు కిక్కర్‌ను తెచ్చుకున్న నిర్ణయం ఫైనల్‌ను గెలిపించిందీ అదే, దాదాపు పోగొట్టిందీ అదే.

ఇవేవీ చూడకుండా అంకెలు మాత్రం కాపీ కొడితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. 2024 మార్చిలో ట్వికెనమ్‌లో ఇంగ్లండ్‌పై 6-2 బెంచ్‌తో దిగిన ఐర్లండ్ గురించి అంత మాట అనలేను, అది గొప్ప జట్టు. కానీ జరిగింది ఇదీ: ఆట మొదలైన కొద్ది నిమిషాలకే వింగ్ కాల్విన్ నాష్ తలకు దెబ్బతో వెళ్లాడు. అతని స్థానంలో వచ్చిన కియరాన్ ఫ్రాలీ కూడా తర్వాత బయటికి పోవాల్సి వచ్చింది. బెంచ్ మీద మిగిలిన బ్యాక్ మరో స్క్రమ్ హాఫ్ కానర్ ముర్రే ఒక్కడే. అతన్ని దించి, అసలు స్క్రమ్ హాఫ్ గిబ్సన్-పార్క్‌ను వింగ్‌కు తోశారు. 23-22తో ఇంగ్లండ్ గెలిచింది.

అందుకే 6-2 పెట్టే ముందు కోచ్ చూసుకోవాల్సినవి వరసగా ఉంటాయి. మొదటి పదిహేనులో కనీసం ఇద్దరు బ్యాక్‌లు రెండు స్థానాల్లో నిజంగా ఆడగలగాలి, కాగితం మీద కాదు. డేమియన్ విలెమ్సే ఫుల్‌బ్యాక్, సెంటర్, ఫ్లై హాఫ్ మూడూ ఆడతాడు, కోల్బే రెండు అంచుల్లోనూ ఆడతాడు. రొమేనియా మ్యాచ్‌కు 23 మందిలో నలుగురు స్క్రమ్ హాఫ్‌లను తీసుకుని, వాళ్లలో వింగ్‌లో ఎవరు నిలుస్తారో 76-0 గెలుపులో పరీక్షించారు. అది సరదా కోసం కాదు. తర్వాత, గోల్ కిక్కర్లు ఇద్దరుండాలి. ఆ పైన, కనీసం ఒక ఫార్వర్డ్ వేగంలో బ్యాక్‌తో పోటీపడాలి. చివరగా ఆట తీరే దానికి తగ్గట్టుండాలి. బంతి ఎత్తుగా తన్ని, ప్రత్యర్థిని సొంత సగంలో నొక్కి, స్క్రమ్‌లు, లైనౌట్‌లు పెంచుకునే జట్టుకే ఆరుగురు తాజా ఫార్వర్డ్‌లు పనికొస్తారు. అంచు నుంచి అంచుకు పాస్‌లిచ్చి ఆడే జట్టు 6-2 పెడితే 60వ నిమిషానికి అలసేది బ్యాక్‌లు, మార్చడానికి ఉండేది ఫార్వర్డ్‌లు. ఎరాస్మస్ 2025లో ఈ దారిలో ఇంకో అడుగు వేశాడు. సెంటర్ ఆండ్రే ఎస్టర్‌హైజన్‌ను ఫ్లాంకర్‌గానూ ఆడించి, బ్యాకా ఫార్వర్డా అన్న ప్రశ్ననే పక్కన పెట్టాడు.

మీ వ్యాసంలో "నిబంధనలకు తూట్లు" అన్న మాట వాడారు. తూట్లు పొడవలేదు, సందులు వెతికాడు. 2023 క్వార్టర్స్‌లో విలెమ్సే సొంత సగంలో గాలిలో వచ్చిన బంతిని పట్టి మార్క్ అడిగి, దానికి దక్కే ఫ్రీ కిక్ తన్నకుండా స్క్రమ్ కావాలన్నాడు. ఫ్రాన్స్ ఫార్వర్డ్‌లను ఇంకొంచెం అలసిపోయేలా చేయడానికే. 29-28తో గెలిచారు. ప్రపంచ రగ్బీ మండలి 2024 జులై నుంచి ఫ్రీ కిక్‌కు బదులు స్క్రమ్ తీసుకునే వీలే తీసేసింది. ఆయనను నిజంగా తప్పుపట్టాల్సిన చోటు వేరే ఉంది. 2021 లయన్స్ సిరీస్‌లో మొదటి టెస్టు తర్వాత రిఫరీ నిర్ణయాలను తప్పుపడుతూ 62 నిమిషాల వీడియో చేశాడు, అది బయటికి వచ్చింది. రెండు నెలలు అన్ని రగ్బీ పనుల నుంచి, 2022 సెప్టెంబర్ ఆఖరు దాకా మ్యాచ్ రోజు బాధ్యతల నుంచి నిషేధించారు. సాంకేతికంగా కొన్ని పాయింట్లు సరైనవే కావచ్చు, కానీ ఒక రిఫరీని జనం మధ్యకు లాగడం సమర్థించలేనిది. దాన్ని మీరు ఒక్క ముక్కలో దాటేశారు.

చిన్న విన్నపం. ఇకమీదట దక్షిణాఫ్రికా మ్యాచ్ వార్త వేసినప్పుడు తొలి పదిహేను మందితో ఆపకండి. 16 నుంచి 23 దాకా పేర్లు కూడా వేయండి, ఒక్కొక్కరి పక్కన ఫార్వర్డో బ్యాకో రాయండి. రెండు లైన్ల జాగా చాలు. 50వ నిమిషం తర్వాత మ్యాచ్ ఎటు తిరగొచ్చో ఆ రెండు లైన్లు చూసి పాఠకులే లెక్క వేసుకుంటారు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు